13 జట్లు మారినవాడిని ‘ఎవరూ ఉంచుకోని ఆటగాడు’ అనడం న్యాయమేనా? (ఇష్ స్మిత్ గురించి)

కాంకర్డ్_రవి
మొన్న శనివారం ఒక ఫ్రెండ్ ఇంట్లో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్)లోని షార్లెట్ హార్నెట్స్ పాత మ్యాచ్‌లు పెట్టుకుని చూస్తున్నాం. పాయింట్ గార్డ్ (ఆటని నడిపించేవాడు) ఇష్ స్మిత్ బంతి పట్టుకోగానే ఒకాయన "ఇతన్ని పదమూడు జట్లు తీసుకున్నాయి, ఒక్కటీ ఉంచుకోలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం చాలా బాధేసింది.

మేముండేది నార్త్ కరోలినాలోని కాంకర్డ్‌లో. ఇష్ స్మిత్ ఇక్కడి సెంట్రల్ కబారస్ హైస్కూల్లో ఆడినవాడే. తర్వాత వేక్ ఫారెస్ట్ కాలేజీ. అక్కడ అసిస్టుల్లో (స్కోరు చేయించే పాస్‌లు) మగ్సీ బోగ్స్ తర్వాతి పేరు ఇతనిదే. 2010 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోటు) 60 మందిని ఎంచుకున్నారు, ఇతన్ని ఎవరూ పిలవలేదు. అక్కడి నుంచి మొదలుపెట్టి పదేళ్ళు దాటాక కూడా ఎన్‌బీఏలోనే ఉన్నాడు. 2023లో డెన్వర్‌తో ఛాంపియన్ కూడా అయ్యాడు. ఎన్‌బీఏ చరిత్రలో 13 వేర్వేరు జట్లకు ఆడింది ఇతనొక్కడే.

నా ప్రశ్న: అసలు ఒక ఆటగాడు ఇన్ని జట్లు ఎందుకు మారాల్సి వస్తుంది? ఆట బాగోకేనా? కాంట్రాక్టుల సంగతి తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. వచ్చేసారి ఆయనకు నేను సరైన జవాబు చెప్పాలి.

నగ్గెట్స్_నాని
జవాబు చాలా సింపుల్. పదమూడు జట్లు వద్దనుకోలేదు, పదమూడు జట్లు కావాలనుకున్నాయి. అంతే.

బెజవాడ_బాస్కెట్
నాని చెప్పింది సూపర్. ఆయనకి ఇదే పంపించెయ్యి రవీ.

క్యాప్_లెక్కలు
వినడానికి బాగుంది కానీ నిజం కాదు నాని. కనీసం ఐదుసార్లు ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి) జరిగింది ఇంకొకరి కోసం, ఇష్ స్మిత్ ఆ లెక్కలో కదిలాడు. వరసగా చూడండి.

2011 ఫిబ్రవరి: హ్యూస్టన్ నుంచి మెంఫిస్. మెంఫిస్‌కి కావాల్సింది షేన్ బాటియే. ఇష్ అతనితో పాటు వెళ్ళాడు.

2013 ఫిబ్రవరి: ఓర్లాండో నుంచి మిల్వాకీ. మిల్వాకీకి కావాల్సింది జె.జె. రెడిక్. అటు ఓర్లాండో తీసుకున్నది టోబయాస్ హారిస్‌ని. ఆ రోజు వార్తల్లో ఇష్ పేరు ఎక్కడో చివరి లైనులో ఉంది.

2013 ఆగస్టు: మిల్వాకీ నుంచి ఫీనిక్స్. ఫీనిక్స్ కారన్ బట్లర్‌ని వదిలించుకుంది. బదులుగా ఇష్, క్రావ్‌త్సోవ్ వచ్చారు.

2022 ఫిబ్రవరి: షార్లెట్ నుంచి వాషింగ్టన్. షార్లెట్‌కి కావాల్సింది మాంట్రెజ్ హారెల్.

2022 జులై: వాషింగ్టన్ నుంచి డెన్వర్. డెన్వర్‌కి కావాల్సింది కెంటేవియస్ కాల్డ్‌వెల్-పోప్. అతని కోసం మాంటే మోరిస్, విల్ బార్టన్‌లను ఇచ్చారు. ఇష్ ఆ లెక్కలో కలిసి వచ్చాడు.

జీతాల పరిమితి దాటిన జట్టు ట్రేడ్ చేసేటప్పుడు ఇచ్చే జీతాలు, తెచ్చుకునే జీతాలు దాదాపు సరిపోవాలి. రోస్టర్లో 15 చోట్లే ఉంటాయి, మనుషుల సంఖ్య కూడా చూసుకోవాలి. అందుకే పెద్ద పేరు కదిలిన ప్రతిసారీ చిన్న కాంట్రాక్టులున్న ఒకరిద్దరు కూడా కదులుతారు. వాళ్ళని ఎవరూ అడగరు. ట్రేడ్ వద్దనే హక్కు లీగ్ మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందికే ఉంటుంది.

నగ్గెట్స్_నాని
అంటే చిల్లర సరిపెట్టడానికి వాడుకున్నారంటావా? అది మరీ అన్యాయం.

క్యాప్_లెక్కలు
అతన్ని తక్కువ చేయడం లేదు. ట్రేడ్‌లో వచ్చినవాడిని మర్నాడే వదిలేయొచ్చు, చాలామందిని వదిలేస్తారు కూడా. వచ్చిన చోటల్లా కోచ్ ఇతన్ని ఆడించాడు. గొప్పతనం అక్కడుంది, ట్రేడ్‌ల సంఖ్యలో లేదు.

లక్ష్మీ_ఫిలీ
క్యాప్ లెక్కలు గారి జాబితాలో ట్రేడ్‌లు చాలావరకు ఉన్నాయి గానీ అసలైనది లేదు. మా ఫిలడెల్ఫియా ట్రేడ్.

2015-16 సీజన్. మా జట్టు సిక్సర్స్ కావాలని ఓడిపోతూ మంచి డ్రాఫ్ట్ పిక్స్ (కొత్తవాళ్ళని ఎంచుకునే వంతులు) కూడబెట్టుకుంటున్న రోజులు. ఆ ట్రేడ్ నాటికి 31 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటి. టికెట్లు ఎవరికైనా ఊరికే ఇస్తామన్నా ఆలోచించేవాళ్ళు. జట్టులో నెర్లెన్స్ నోయెల్, జలీల్ ఓకఫోర్ ఉన్నారు, వాళ్ళకి బంతి సరిగ్గా అందించే మనిషి లేడు. డిసెంబరు 24న న్యూ ఆర్లీన్స్ నుంచి ఇష్ స్మిత్‌ని తెచ్చారు. ఇతని కోసమే, వేరే ఎవరి వెంటో కాదు. రెండు సెకండ్ రౌండ్ పిక్స్ ఇచ్చి మరీ తెచ్చారు. డిసెంబరు 26న ఫీనిక్స్‌లో గెలిచాం. అతను వచ్చాక ఆడిన మొదటి మ్యాచే అది.

ఆ మిగతా సీజన్ మ్యాచ్‌కి సగటున దాదాపు 15 పాయింట్లు, 7 అసిస్టులు. జట్టు చివరికి 10 గెలుపులు, 72 ఓటముల దగ్గర ఆగింది, అది వేరే కథ. కానీ మ్యాచ్ చూస్తుంటే ఇది బాస్కెట్‌బాలే అనిపించడం అతను వచ్చాకే మొదలైంది.

ఇంకో సంగతి. అంతకుముందు సీజన్ చివర్లో కూడా అతను మా దగ్గరే ఆడాడు. వేసవిలో కాంట్రాక్ట్ ఇచ్చి ఉంటే పైసా ఎక్కువ కాకుండా ఉండిపోయేవాడు. వదిలేసుకుని, ఆర్నెల్ల తర్వాత రెండు పిక్స్ పోసి కొనుక్కున్నారు. ‘ఉంచుకోలేదు’ అని నవ్వినాయనకి ఇది చెప్పు రవీ. ఉంచుకోకపోవడం ఒక్కోసారి జట్టు చేసిన తప్పు.

బెజవాడ_బాస్కెట్
లక్ష్మి గారూ, ఒక్క గెలుపు ఉన్న జట్టుకి అన్ని నెలలు అభిమానిగా ఉన్నందుకు మీకే ఒక మెడల్ ఇవ్వాలి.

లక్ష్మీ_ఫిలీ
మెడల్ వద్దు, మా స్టార్ జోయెల్ ఎంబీడ్ మోకాలు బాగుంటే చాలు.

క్యాప్_లెక్కలు
ఒప్పుకుంటున్నాను, ఆ ట్రేడ్ పూర్తిగా అతని కోసమే. న్యూ ఆర్లీన్స్ సంగతి ఇంకా చిత్రం. 2015 ఫిబ్రవరిలో ఓక్లహోమా సిటీ ఇతన్ని న్యూ ఆర్లీన్స్‌కి పంపింది. వాళ్ళు ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా వదిలేశారు. అప్పుడే ఫిలడెల్ఫియా తీసుకుంది. ఆ అక్టోబరులో వాషింగ్టన్ శిక్షణ శిబిరానికి వెళ్ళాడు, వాళ్ళూ సీజన్ ముందే వదిలేశారు. అప్పుడు మళ్ళీ అదే న్యూ ఆర్లీన్స్ పిలిచింది, గార్డ్‌లకి దెబ్బలు తగిలి మనుషులు లేక. వెళ్ళి మొదటి మ్యాచ్ నుంచే ఆడాడు. రెండు నెలలకి మళ్ళీ ఫిలడెల్ఫియా. ఒక్క ఏడాదిలో ఇంత. వాషింగ్టన్ అయితే 2019లో రెండేళ్ళకి 1.2 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. నాలుగేళ్ళ కిందట వద్దన్న జట్టే.

స్వాతి_డల్లాస్
ఇదంతా చదువుతుంటే మా ఇంటి కథలా ఉంది. మావారు కన్సల్టింగ్‌లో ఉన్నారు. ఆయన పనితో సంబంధం లేకుండా క్లయింట్ బడ్జెట్ అయిపోతే ఊరు మారాలి. పైగా వీసా టెన్షన్. పాప మూడు స్కూళ్ళు మారింది. మంచిగా పనిచేసేవాళ్ళకి కూడా "అక్కడ కూడా ఉండలేదా" అనే మాట తప్పదు. అందుకే ఆ నవ్వు నాకూ గుచ్చుకుంది.

కొత్తకుర్రాడు_7
స్వాతి అక్కా, కోట్లు వచ్చేవాళ్ళతో మనకి పోలికేంటి? ఊరు మారితే మారారు, విమానంలో బిజినెస్ క్లాస్ అంతా వాళ్ళదే.

స్వాతి_డల్లాస్
డబ్బు సంగతి వేరు తమ్ముడూ. ఫోన్ వస్తుంది, రెండు రోజుల్లో కొత్త ఊళ్ళో ఉండాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు ఆ సామాన్లన్నీ సర్దుకోవాలి. అది ఎవరికైనా కష్టమే.

క్యాప్_లెక్కలు
డబ్బు విషయం కూడా కొంచెం సరిచూద్దాం. 2010లో డ్రాఫ్ట్ కాకుండా చేరినవాడి కనీస జీతం ఏడాదికి సుమారు 4.7 లక్షల డాలర్లు. మామూలు మనిషికి చాలా పెద్ద మొత్తమే, కాదనను. కానీ గ్యారంటీ ఉండదు. జనవరి 10 లోపు వదిలేస్తే అప్పటిదాకా ఆడిన రోజులకే వస్తుంది. ఏజెంటుకి కొంత పోతుంది. ఆదాయపు పన్ను ఉన్న ఏ రాష్ట్రంలో మ్యాచ్ ఆడితే ఆ రాష్ట్రానికి ఆ మేరకు పన్ను కట్టాలి. అన్నింటికన్నా ముఖ్యం, అలాంటి కెరీర్ సగటున నాలుగైదేళ్ళకి మించదు. ఇష్‌కి మొదటి పెద్ద కాంట్రాక్ట్ 2016లో వచ్చింది. డెట్రాయిట్, మూడేళ్ళకి 1.8 కోట్ల డాలర్లు. అప్పటికి లీగ్‌లోకి వచ్చి ఆరేళ్ళు.

డెట్రాయిట్_మూర్తి
ఎవరైనా డెట్రాయిట్ అంటారేమోనని చూస్తున్నాను. మేం డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటాం, ఆ మూడేళ్ళూ మా అబ్బాయిని తీసుకుని వెళ్ళేవాణ్ణి. మొదట ఆబర్న్ హిల్స్‌లోని ప్యాలెస్‌కి, 2017 నుంచి ఊళ్ళో కొత్త అరీనాకి.

ఇష్ స్మిత్ ఆటలో చూడాల్సింది ఒక్కటే, వేగం. రీబౌండ్ పట్టిన మనిషి చేతిలోంచి బంతి ఇతని చేతికి రాగానే అవతలి జట్టు వెనక్కి పరిగెత్తడం మొదలవుతుంది. చేతిలో బంతి ఉండి కూడా లేనివాళ్ళకన్నా వేగంగా పరిగెత్తేవాడు. బోర్డు దాకా వెళ్ళకుండా మధ్యలో ఆగి కొట్టే షాట్ కూడా బాగుంటుంది. మూడు పాయింట్ల షాట్ మాత్రం అంతంతమాత్రం. అదే అతని కెరీర్‌కి అడ్డు. ఇప్పటి ఎన్‌బీఏలో గార్డ్‌కి దూరం నుంచి షాట్ లేకపోతే ప్రత్యర్థి అతన్ని వదిలేసి ఇంకొకరి మీద ఇద్దరిని పెడతాడు. కాబట్టి ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) నాటికి కోచ్‌లు భయపడతారు.

కోచ్ స్టాన్ వాన్ గండీ అతన్ని రెజీ జాక్సన్ వెనక రెండో గార్డ్‌గా తీసుకున్నాడు. సీజన్ మొదలయ్యేసరికి జాక్సన్‌కి మోకాలి నొప్పి, ఇష్ మొదటి మ్యాచ్ నుంచే స్టార్టర్. జాక్సన్ రాగానే మళ్ళీ బెంచ్. ముఖం మాడ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

సికింద్రాబాద్_పీజీ
మూర్తి గారూ, అవతలివాళ్ళు వదిలేసే గార్డ్ బాధ నాకు తెలుసు. నాదీ అదే బాపతు.

నేను స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగంలో చేరి డిపార్ట్‌మెంట్ జట్టుకి ఆడాను. మన దగ్గర బాస్కెట్‌బాల్ ఆడేవాడికి దారి అదే. రైల్వేస్, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, చెన్నైలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్. ఉద్యోగం వస్తే ఇక జట్టు మారడం ఉండదు. మోకాలు పోయినా కుర్చీ ఉంటుంది, పెన్షన్ ఉంటుంది. కానీ ఇరవై ఆరేళ్ళకే ఆట మీద కసి తగ్గిపోతుంది. నా తోటివాళ్ళలో చాలామందికి అదే జరిగింది. ఇష్ స్మిత్ లాంటివాళ్ళు ప్రతి అక్టోబరులో మళ్ళీ పరీక్ష రాస్తారు. నాకు ఆ జీవితం మీద అసూయా ఉంది, భయమూ ఉంది.

ప్రైవేట్ లీగ్ ఒకటి వచ్చింది గుర్తుందా, యూబీఏ? 2015 నుంచి 2017 దాకా. హైదరాబాద్ స్కై అని మన జట్టు కూడా ఉండేది. అది నిలబడి ఉంటే మనకీ జట్లు మారే ఆటగాళ్ళు ఉండేవాళ్ళు.

బెజవాడ_బాస్కెట్
హైదరాబాద్ స్కై! టీవీలో చూశాను. ఎంత ఆశ పెట్టుకున్నామో.

శారద_కోచ్
సికింద్రాబాద్ బాబు చెప్పినదాంట్లో ‘కసి తగ్గుతుంది’ అన్నదానితో నేను ఒప్పుకోను. నేను అమ్మాయిలకి ఇరవై ఏళ్ళకి పైగా కోచింగ్ ఇచ్చాను. ఉద్యోగం భరోసా ఉన్న పిల్లలే చివరిదాకా ఆడారు. భరోసా లేనివాళ్ళని ఇంట్లోవాళ్ళు ఇంటర్ అయ్యాక మాన్పించారు. అమెరికాలో కూడా చూడండి, మూడు సీజన్లు ఆడితే పెన్షన్‌కి అర్హత వస్తుంది. ఆ మూడో సీజన్ కోసం ఎంతమంది ప్రాణం పెట్టి ఆడతారో. భరోసా మనిషిని బద్ధకస్తుణ్ణి చేస్తుందనడం పెద్ద అబద్ధం.

సికింద్రాబాద్_పీజీ
మేడమ్, అమ్మాయిల విషయంలో మీరు చెప్పింది నిజం. మా మగపిల్లల జట్ల సంగతి నేను కళ్ళారా చూసి చెప్తున్నాను.

శారద_కోచ్
మీ జట్టుకి రోజూ ప్రాక్టీస్ పెట్టే కోచ్ ఉన్నాడా?

సికింద్రాబాద్_పీజీ
టోర్నమెంట్‌కి పదిహేను రోజుల ముందు వచ్చేవారు.

శారద_కోచ్
అదీ కారణం. ఉద్యోగం కాదు.

పాతఆటలు_ప్రసాద్
ఇష్ స్మిత్‌కి ముందు రికార్డు 12 జట్లు. చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్ ఆ లెక్కలో ఉన్నారు. వీళ్ళలో ఇద్దరి కథ చెప్తాను. ‘ఎవరూ ఉంచుకోలేదు’ అన్న మాట ఎంత డొల్లో తెలుస్తుంది.

చకీ బ్రౌన్. 1995 ఫిబ్రవరిలో చిన్న లీగ్ నుంచి హ్యూస్టన్‌కి పది రోజుల కాంట్రాక్ట్ మీద వచ్చాడు. ఆ జూన్‌లో హ్యూస్టన్ ఛాంపియన్. మరుసటి సీజన్ 82 మ్యాచ్‌లకి 82 స్టార్ట్ చేశాడు. హకీమ్ ఒలాజువాన్, క్లైడ్ డ్రెక్స్‌లర్ పక్కన. ఇంతకన్నా ఒక మనిషి ఏం నిరూపించుకోవాలి? ఆ వేసవిలోనే చార్ల్స్ బార్క్‌లీ కోసం ఫీనిక్స్‌కి పంపారు, శామ్ కాసెల్, రాబర్ట్ హోరీ, మార్క్ బ్రయంట్‌లతో కలిపి. తప్పు చేశాడా? లేదు. బార్క్‌లీ దొరుకుతుంటే ఎవరు ఆగుతారు!

జో స్మిత్ కథ పూర్తిగా వేరు. 1995 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్. ఐదో పిక్ కెవిన్ గార్నెట్. జో స్మిత్ నిలకడైన ఆటగాడే, కానీ ‘మొదటి పిక్’ అనే బరువు కెరీర్ అయ్యేదాకా వదల్లేదు. తర్వాత మిన్నెసోటాలో జీతం తక్కువకి ఒప్పుకుంటే తర్వాత పెద్ద కాంట్రాక్ట్ ఇస్తామని జట్టు రహస్యంగా రాసిచ్చింది. 2000లో బయటపడింది. లీగ్ జట్టుకి 35 లక్షల డాలర్ల జరిమానా వేసింది, ఫస్ట్ రౌండ్ పిక్స్ లాగేసుకుంది, ఇతని కాంట్రాక్ట్ రద్దు చేసింది. డెట్రాయిట్‌కి వెళ్ళి ఒక సీజన్ ఆడి మళ్ళీ మిన్నెసోటాకే వచ్చాడు.

ఈ ఇద్దర్నీ ఇష్‌నీ ఒకే గాటన కట్టి ‘సంచారి’ అనేస్తారు. జట్ల సంఖ్య చూసి మనిషి గురించి ఏమీ తెలుసుకోలేం.

కాంకర్డ్_రవి
ప్రసాద్ గారూ, 82కి 82 ఆడినవాణ్ణి పంపించేశారా! చకీ బ్రౌన్ కాలేజీ మా రాష్ట్రమే కదా, నార్త్ కరోలినా స్టేట్.

పాతఆటలు_ప్రసాద్
అవును. కోచ్ జిమ్ వాల్వానో దగ్గర ఆడాడు.

కొత్తకుర్రాడు_7
పది రోజుల కాంట్రాక్ట్ అంటే నిజంగా పది రోజులేనా?

క్యాప్_లెక్కలు
పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. జనవరి 5 నుంచే ఇవ్వొచ్చు. ఒక జట్టు ఒక సీజన్లో ఒకరికి రెండుసార్లే ఇవ్వగలదు. ఆ తర్వాత సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదా వదిలెయ్యాలి.

మనవాళ్ళకి సంబంధించింది ఒకటుంది. భారత సంతతి నుంచి ఎన్‌బీఏలో ఆడిన మొదటివాడు సిమ్ భుల్లర్. కెనడాలో పుట్టిన పంజాబీ కుర్రాడు, 7 అడుగుల 5 అంగుళాలు. 2015 ఏప్రిల్‌లో సాక్రమెంటో ఇచ్చింది పది రోజుల కాంట్రాక్టే. మూడు మ్యాచ్‌లు ఆడాడు, అంతే. తర్వాత తైవాన్ లీగ్‌కి వెళ్ళాడు. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో సత్నాం సింగ్‌ని డాలస్ 52వ పిక్‌గా తీసుకుంది, ఎన్‌బీఏ మ్యాచ్ మాత్రం ఆడలేదు. ఆ మూడు మ్యాచ్‌ల వరకు వెళ్ళడం ఎంత కష్టమో దీన్నిబట్టి చూడండి. ఇష్ స్మిత్ పదమూడేళ్ళకి పైగా ఉన్నాడు.

స్వాతి_డల్లాస్
సత్నాం సింగ్ ఇక్కడ ఫ్రిస్కోలో టెక్సాస్ లెజెండ్స్‌కి ఆడేవాడు. మా అపార్ట్‌మెంట్ నుంచి అందరం కలిసి వెళ్ళాం. అతను కోర్టులోకి దిగితే చాలు, పిల్లలు ఒకటే అరుపులు.

డెట్రాయిట్_మూర్తి
చిన్న లీగ్ అనగానే ఆండ్రే ఇన్‌గ్రామ్ గుర్తొచ్చాడు. ఏడాదికి ఇరవై, పాతిక వేల డాలర్ల మీద పదేళ్ళు ఆడాడు. పక్కన లెక్కల ట్యూషన్లు చెప్పుకునేవాడు. 2018 ఏప్రిల్ 10న లేకర్స్ పిలిచింది, సీజన్‌లో ఇక రెండు మ్యాచ్‌లే ఉండగా. 32 ఏళ్ళ వయసులో మొదటి ఎన్‌బీఏ మ్యాచ్, హ్యూస్టన్ మీద 19 పాయింట్లు. కొత్తకుర్రాడూ, బిజినెస్ క్లాస్ అన్నావే, ఆ లీగ్‌లో గంటల కొద్దీ బస్సు ప్రయాణాలు ఉంటాయి.

కొత్తకుర్రాడు_7
వామ్మో. ఆ మ్యాచ్ ఇప్పుడే వెతికి చూస్తా.

నగ్గెట్స్_నాని
ఇప్పుడు డెన్వర్ సంగతి నేను చెప్పాలి. 2022-23లో ఇష్ సగం మ్యాచ్‌లే ఆడాడు. ఫిబ్రవరిలో రెజీ జాక్సన్ వచ్చాడు, అదే డెట్రాయిట్ రెజీ జాక్సన్. మళ్ళీ అతని వెనకే! ప్లేఆఫ్స్‌లో ఇష్‌కి చాలా కొద్ది నిమిషాలే దక్కాయి. అయినా టైమ్ అవుట్ అయినప్పుడల్లా అందరికన్నా ముందు లేచి ఎదురొచ్చేది అతనే. కోచ్ మైకేల్ మలోన్ 2011-12లో గోల్డెన్ స్టేట్‌లో అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు ఇష్ అక్కడ కొన్నాళ్ళు ఆడాడు. ఎప్పుడో దాటిపోయిన జట్టులోని పరిచయం పదేళ్ళ తర్వాత ఎదురుపడింది. జట్లు మారేవాళ్ళకి ఇదొక ఆస్తి. లీగ్‌లో ఎక్కడికెళ్ళినా తెలిసినవాళ్ళుంటారు.

జూన్ 12న గెలిచిన రాత్రి డౌన్‌టౌన్‌లో నేనూ ఉన్నాను. స్టార్లు జోకిచ్, మర్రే పేర్లు అరుస్తున్న జనంలో నేను ‘ఇష్’ అని కూడా అరిచాను.

క్యాప్_లెక్కలు
అంటే ట్రోఫీకి అతని ఆట పెద్దగా పనికిరాలేదనే కదా నాని? కెరీర్ గొప్పదే, కానీ ఆ ఛాంపియన్ రింగ్‌ని సాక్ష్యంగా చూపించడం సరికాదు. నా దృష్టిలో అతని అసలు విజయం ఫిలడెల్ఫియా, డెట్రాయిట్ రోజులు.

నగ్గెట్స్_నాని
82 మ్యాచ్‌ల సీజన్‌లో మర్రే ఏడాదిన్నర తర్వాత మోకాలు బాగై తిరిగొచ్చాడు. వరసగా రెండు రోజులు ఆడలేడు. ఆ రోజుల్లో ఆడింది ఎవరు? అవి గెలవకపోతే మొదటి స్థానం ఎలా వస్తుంది, సొంత ఊళ్ళో మ్యాచ్‌లు ఎలా దొరుకుతాయి? లెక్కలు నువ్వే చెప్తావు, ఇది మాత్రం కలపవు.

క్యాప్_లెక్కలు
ఆ లెక్కలో కొంత నిజం ఉంది. కొంతే.

లక్ష్మీ_ఫిలీ
ఆ ఫైనల్‌లో ఇంకో విశేషం ఎవరూ చెప్పలేదు. అవతల మయామీ బెంచ్ మీద యుడోనిస్ హాస్లెమ్. అతనూ డ్రాఫ్ట్‌లో ఎంపిక కానివాడే, 2002లో. ఫ్రాన్స్‌లో ఏడాది ఆడి వచ్చాడు. కానీ 20 సీజన్లూ మయామీకే. అతని చివరి సిరీస్ అదే, నాలుగో మ్యాచ్ రోజు 43వ పుట్టినరోజు. ఇటు 13 జట్లవాడు, అటు ఒకే జట్టువాడు, ఇద్దరూ పిలుపు రాకుండా వచ్చినవాళ్ళే, ఇద్దరూ బెంచ్ మీదే. తేడా ఏంటంటే హాస్లెమ్ పుట్టి పెరిగింది మయామీలో, జట్టు అధ్యక్షుడు ప్యాట్ రైలీ లాంటి మనిషి ఉంచుకోవాలని గట్టిగా అనుకున్నాడు. ఆటలో తేడా కన్నా అదృష్టంలో తేడా ఎక్కువ.

పాతఆటలు_ప్రసాద్
లక్ష్మి గారూ, అదృష్టం అనడం హాస్లెమ్‌కి అన్యాయం. తక్కువ జీతానికి ఒప్పుకుని మరీ ఉండిపోయాడు 2010లో. డాలస్ ఎక్కువ ఇస్తానన్నా వెళ్ళలేదు.

లక్ష్మీ_ఫిలీ
ఒప్పుకోమని అడిగే జట్టంటూ ఉండాలి కదండీ. ఇష్‌ని ఎవరూ అడగలేదు.

శారద_కోచ్
నాకు కెవిన్ ఓలీ ఇష్టం. 11 జట్లు, మొదట్లో పది రోజుల కాంట్రాక్టులే. చివరి సీజన్ 2009-10లో ఓక్లహోమా సిటీలో కెవిన్ డ్యురాంట్ లాంటి చిన్నవాళ్ళ మధ్య ఆడాడు. ఆ జట్టుకి క్రమశిక్షణ నేర్పింది ఓలీ అని డ్యురాంటే చెప్పాడు. 2014లో యూకాన్‌కి (కనెటికట్ యూనివర్సిటీ) కోచ్‌గా కాలేజీ ఛాంపియన్‌షిప్ గెలిపించాడు. అన్ని ప్లేబుక్‌లు (జట్ల ఎత్తుగడల పుస్తకాలు) నేర్చుకున్న మనిషి కోచ్ కాక ఏమవుతాడు? ప్రతి కోచ్ అదే ఆటకి వేరే పేరు పెడతాడు. ఫిబ్రవరిలో కొత్త జట్టుకి వచ్చిన పాయింట్ గార్డ్ తన స్థానం ఒక్కటే కాదు, ఐదుగురూ ఎక్కడ నిలబడాలో రెండు రోజుల్లో నేర్చుకోవాలి. మా పిల్లలకి ఆర్నెల్లు చెప్పినా కుదరదు. ఇష్ స్మిత్‌ని ఎవరైనా తెలివితక్కువవాడంటే నేను ఒప్పుకోను.

సికింద్రాబాద్_పీజీ
మేడమ్, ఈ విషయంలో మీ మాటే నా మాట. రెండో గార్డ్‌గా ఆడినవాడికి ఇది బాగా తెలుస్తుంది.

స్వాతి_డల్లాస్
క్యాప్ గారూ, ఒక సందేహం. వయసైన ఆటగాడికి కనీస జీతం ఎక్కువ కదా. మరి జట్లు తక్కువలో వచ్చే కుర్రాళ్ళని కాకుండా వీళ్ళని ఎందుకు తీసుకుంటాయి?

క్యాప్_లెక్కలు
సరైన ప్రశ్న. ఏడాది కాంట్రాక్ట్ మీద కనీస జీతానికి వచ్చిన సీనియర్‌కి జట్టు చెల్లించేది రెండేళ్ళ అనుభవం ఉన్నవాడి జీతమే. పైది లీగ్ భరిస్తుంది. అది లేకపోతే పదేళ్ళవాళ్ళు ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు. కానీ చూడండి, ఆ సాయం ‘ఏడాది కాంట్రాక్ట్’కే. అందుకే వాళ్ళకి ఏడాదే ఇస్తారు, ప్రతి వేసవీ మళ్ళీ మొదటికి. రవి ప్రశ్నకి సగం జవాబు ఈ నిబంధనలోనే ఉంది.

కాంకర్డ్_రవి
ఇది ఎక్కడా చదవలేదు. ఆయనకి ముందు ఇదే చెప్తాను, ఆ తర్వాత లక్ష్మి గారి రెండు పిక్స్ కథ. ఇంకొకటి, 2023 నవంబరులో మళ్ళీ షార్లెట్ పిలిచినప్పుడు మా అబ్బాయి స్కూల్లో ఎంత సందడో. ఇంటికి అరగంట దూరంలో ఆడాడు మరి.

ఈ రికార్డు ఎవరైనా దాటతారా?

పాతఆటలు_ప్రసాద్
డెనిస్ ష్రోడర్ మీద కన్నేసి ఉంచండి. 2025 వేసవిలో సాక్రమెంటోతో కలిపి 10 జట్లు.

బెజవాడ_బాస్కెట్
ష్రోడర్ వేరే రకం అండీ. 2023లో జర్మనీకి ప్రపంచ కప్ గెలిపించి టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. అతన్ని జట్లు వెతుక్కుంటూ వస్తాయి.

క్యాప్_లెక్కలు
వెతుక్కుంటూ వస్తే ఏడాదిలో రెండుసార్లు ట్రేడ్ ఎందుకు చేస్తారు? 2024-25లోనే బ్రూక్లిన్, గోల్డెన్ స్టేట్, డెట్రాయిట్. ప్రపంచ కప్ ఉత్తమ ఆటగాడికీ ఇదే గతి. 2025 చివరికి చూస్తే రికార్డు దాటడానికి ఇంకా నాలుగు జట్లు కావాలి, అప్పటికి వయసు 32. నేనైతే దాటతాడనే అంటాను.

నగ్గెట్స్_నాని
దాటడు. మూడేళ్ళ కాంట్రాక్టులతో ఆగిపోతాడు చూడు.